పాత అమ్మ పళ్ళెం

మా వంటింటి బల్ల చుట్టూ నాలుగు కుర్చీలుంటాయి. మూడు మామూలువి. గోడ వైపున్నది మాత్రం చేతుల్లేని వెడల్పాటి కుర్చీ. మా ఆయన వడ్రంగితో నాకోసమే చేయించారు. మామూలు కుర్చీలో కూర్చుంటే నేను లేచేటప్పుడు అది కూడా నాతోపాటు లేచేది మరి. నవ్వండి, ఫరవాలేదు. నలుగురిలో ఉన్నప్పుడు నేనూ నవ్వేదాన్నే.

నేను దర్జీని. వీధి చివర బట్టల కొట్లో ఆల్టరేషన్లు చేస్తాను. రోజంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు వదులు చేయడం, బిగించడం. నా బట్టలు మాత్రం ఎప్పుడూ వదులు చేయడమే! మా అమ్మ కూడా ఇంతే ఉండేది. ఒకరోజు మెట్లెక్కుతూ మధ్యలో ఆయాసంతో కూర్చుంది. ఇక లేవలేదు. అప్పటికి నేనింకా బడికి వెళ్తున్నాను. నాకు కూతురు పుట్టాక ఎప్పుడు చూసినా ఆ మెట్లే గుర్తొచ్చేవి. దానికి అమ్మ లేకుండా పోకూడదు. కడుపుకి ఆపరేషన్ చేయించుకున్నది అందుకే. అందం కోసం కాదు.

తెలియనివాళ్ళకి చెప్తాను. కడుపు లోపల, జీర్ణాశయం పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ వేస్తారు, సంచి మూతికి తాడు కట్టినట్టు. దాన్నుంచి సన్నటి గొట్టం వస్తుంది. ఆ గొట్టం చివర, పక్కటెముకల కింద, చర్మం లోపలే ఒక గుండీలాంటిది ఉంటుంది. వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. డాక్టరు దాంట్లోకి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. బిగించాక నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. ఆశపడి ఇంకోటి తిన్నామా, అది అక్కడే ఇరుక్కుంటుంది. ఛాతీలో నొప్పి, నోటినిండా జిగురు నీళ్ళు, బాత్రూముకి పరుగు. నమిలి నమిలి నా దవడలు నొప్పెట్టేవి. ఏమైతేనేం, ఒళ్ళు కరిగింది. వెడల్పాటి కుర్చీలో కూర్చుంటే అటూ ఇటూ జానెడేసి ఖాళీ మిగిలింది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను.

ఆస్పత్రిలో నన్ను సాసర్లో తినమన్నారు. ఇంటికొచ్చిన రోజు బల్ల మీద నా పెద్ద నీలం పళ్ళెం కనపడకపోయేసరికి మా అమ్మాయి గుక్కపట్టి ఏడ్చింది. ఐదేళ్ళది. పిచ్చుక అని పిలుస్తాం. దాన్ని ఊరుకోబెట్టడానికి నేనే ఆ పళ్ళెం తెచ్చాను. పూర్వం నేను తినేంత వడ్డించి వెడల్పాటి కుర్చీ ముందు పెట్టాను. నేను పక్క కుర్చీలో సాసరు పట్టుకుని కూర్చున్నాను.

"అది పాత అమ్మకి. ఇది కొత్త అమ్మకి. సరేనా?"

పిచ్చుక కళ్ళు తుడుచుకుని నవ్వింది. మా ఆయన పడీపడీ నవ్వారు. ఆయన బస్సు డ్రైవరు, ఆకలి ఎక్కువ. మా భోజనాలయ్యాక పాత అమ్మ పళ్ళెం కూడా ఆయనే ఖాళీ చేసేవారు. అలా అది మా ఇంట్లో అలవాటైపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉండేది. తినలేకపోయినా నిండు పళ్ళెం కళ్ళారా చూసుకునేదాన్ని.

తర్వాత ఆయనకి సాయంత్రం డ్యూటీలు పడ్డాయి. బల్ల దగ్గర ఇద్దరమే. అయినా వడ్డించడం మానలేదు, పిచ్చుక ఊరుకునేది కాదు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి నీలం పళ్ళెం నున్నగా, తుడిచినట్టు ఉండేది.

"ఇంత తిండి ఎక్కడ పెట్టుకుంటున్నావే?" అన్నాను మొదట్లో, మురిపెంగానే.

"నేను కాదు. పాత అమ్మ తింది."

"అబద్ధాలాడితే వీపు చిట్లుతుంది."

"నిజం! తిన్నాక నన్ను ఒళ్ళో కూడా కూర్చోబెట్టుకుంటుంది. ఆ ఒడి మెత్తగా ఉంటుంది. నీ ఒళ్ళో ఎముకలు గుచ్చుకుంటాయి."

ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. దీనికోసం కడుపు మాడ్చుకుని, మందులు మింగి ఇలా అయ్యానా అని ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం కడిగి, స్టూలు వేసుకుని, అటక మీదకి తోసేశాను. పాత అమ్మ లేదు, గీత అమ్మ లేదు అని గట్టిగా కేకలేశాను.

మర్నాడు సూప్ దిగలేదు. ఆ మర్నాడు నీళ్ళు కూడా దిగలేదు. చెంచాడు తాగితే చెంచాడూ వెనక్కొచ్చేది. పొట్ట చుట్టూ పట్టీ అంతకంతకూ బిగుస్తున్నట్టు ఉంది. పిచ్చుకని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ గుండీలోకి సూది గుచ్చి సెలైన్ మొత్తం లాగేసింది. "ఇక పట్టీలో చుక్క లేదు. ఇప్పుడు విందు భోజనం పెట్టినా దిగిపోతుంది" అంటూ గ్లాసు అందించింది. ఒక్క గుక్క తాగాను. అది బేసిన్లోకి వచ్చేసింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"విచిత్రంగా ఉందే... ఖాళీ పట్టీ ఎలా బిగుసుకుంటుంది? చేతికి సెలైన్ పెట్టిస్తాను. రేపు పొద్దున్నే రండి, లోపల ఏముందో చూద్దాం."

సెలైన్ అయ్యాక ఇంటికి బయల్దేరాం. సన్నగా వాన. పిచ్చుక నా చున్నీ పట్టుకుని నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగి, నా నడుముని రెండు చేతులతో చుట్టేసింది.

"ఇలా పట్టుకుంది నిన్ను" అంది గుసగుసగా. "దానికి ఆకలేస్తోంది. నువ్వు పళ్ళెం దాచేశావుగా."

దాని చెయ్యి పట్టుకుని గబగబా నడిచాను.

మా ఇల్లు నాలుగో అంతస్తులో. కింద లిఫ్టు దగ్గర ఎవరూ లేరు. ఎవరింట్లోనో వేపుడు మాడిన వాసన, దాంతోపాటు తడి గోనెసంచుల వాసన. ఇద్దరం లిఫ్టు ఎక్కాం. మీట నొక్కాను. తలుపులు మూసుకోబోయి ఆగిపోయాయి.

గంట మోగింది. బరువు ఎక్కువైతే మోగే గంట.

ఆ గంట నాకు కొత్త కాదు. పూర్వం నేనెక్కితే పక్కింటివాళ్ళు మర్యాదగా మెట్ల వైపు వెళ్ళిపోయేవాళ్ళు. ఆపరేషన్ అయ్యాక మాత్రం ఎప్పుడూ వినలేదు. ఉన్నది నేను, ఒక చిన్న పిల్ల. అయినా మోగుతోంది. లిఫ్టు పైన తాళ్ళు కిర్రుమన్నాయి. నేల ఒక పక్కకి, పిచ్చుక నిలబడ్డ వైపుకి, కొద్దిగా ఒరిగింది.

పిచ్చుక తలెత్తి, నా వైపు కాకుండా, తన వెనక్కి చూసి నవ్వింది.

"పిచ్చుకా, బయటికి రా."

రాలేదు. చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. అటువైపు నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది. తలుపులకి ఏదైనా అడ్డు పెడదామని నేను బయటికి దిగాను. అంతే... గంట ఆగిపోయింది. దాని వేళ్ళు నా చేతిలోంచి జారిపోయాయి. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు పైకి వెళ్ళిపోయింది.

నేను మెట్ల మీదుగా పరిగెత్తాను. మొదటి అంతస్తు దాకా ఎలా ఎక్కానో తెలీదు. రెండో దానికి మోకాళ్ళు పట్టేశాయి, పాతరోజుల్లోలా. తొడలు రాసుకుంటున్నాయి. కమ్మీ పట్టుకుని ఒళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాను. భయానికే ఇలా అవుతోందనుకున్నాను. ఊపిరి అందట్లేదు. కళ్ళు మసకబారాయి... మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను.

మా అమ్మ గుర్తొచ్చింది. లేచాను.

ఇంటి తలుపు తీసి ఉంది. వంటింట్లో దీపం వెలుగుతోంది. బల్ల మీద నీలం పళ్ళెం. అటక మీద నుంచి పిచ్చుక దించలేదు, స్టూలు వేసినా దానికి అందదు. పళ్ళెం నిండా తిండి. ఆవిరి లేస్తోంది.

పిచ్చుక పక్క కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. నా ప్రాణం లేచొచ్చింది. దాన్ని ఎత్తుకుని వెడల్పాటి కుర్చీలో కూలబడ్డాను.

"ఎవరే వండింది? అది ఎటు వెళ్ళింది?"

"ఏది?"

"అదే... పాత అమ్మ."

పిచ్చుక వింతగా చూసి కిసుక్కున నవ్వింది. నా ఒళ్ళో సర్దుకుని, గుండెకి చెంప ఆనించింది. "హమ్మయ్య... ఇప్పుడు గుచ్చుకోవట్లేదు" అంది.

అప్పుడు ఆకలేసింది. మామూలు ఆకలి కాదు, పేగులు మెలిపెట్టేసే ఆకలి. ఆపరేషన్ తర్వాత అలాంటిది ఎరగను. ఒక ముద్ద పెట్టుకున్నాను. దిగింది. ఇంకోటి... దిగింది. నమలకుండానే మింగుతున్నాను. ఎక్కడా ఇరుక్కోవట్లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అంత రుచిగా ఉంది. పళ్ళెం నున్నగా అయ్యేదాకా చెయ్యి ఆగలేదు.

ఎడమ చేత్తో పక్కటెముకల కింద తడుముకున్నాను. మెత్తటి కండ. ఇంకా గట్టిగా నొక్కాను. గుండీ తగల్లేదు. ఆపరేషన్ గాటు కూడా లేదు.

కుర్చీలో అటూ ఇటూ చూసుకున్నాను. ఖాళీ లేదు.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. తేలికైన అడుగులు. రొప్పు. పిచ్చుక గబుక్కున నా ఒళ్ళోంచి దిగి, వీధి తలుపు గడియ పెట్టి, మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చుంది.

తలుపు మీద దబదబా బాదారు.

"పిచ్చుకా! పిచ్చుకా... తలుపు తియ్యమ్మా! నేనే... అమ్మని!"

ఆ గొంతు నాదే.

ఏడుస్తోంది. పాపం, గోళ్ళతో తలుపు గీరుతోంది. మధ్యమధ్యలో దగ్గుతోంది, ఏదో ఛాతీలో అడ్డంపడ్డట్టు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు.

"తియ్యకు" అంది పిచ్చుక నా చెవిలో.

దానికి అమ్మ లేకుండా పోకూడదు. నేను తలుపు తియ్యలేదు.