వెనకున్న తీగ

"డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో బాంబు. దాన్ని ఆపగలిగినవాడివి నువ్వొక్కడివే. బయల్దేరు," అన్నాడు చీఫ్.

బ్రీఫింగ్ అంతే. ఎలక్ట్రీషియన్ వేషంలో గూఢచారి డేగ జీపెక్కాడు. ఇది గబ్బిలాలనే విదేశీ ముఠా పనేనని అతనికి వేరే చెప్పక్కర్లేదు. బాంబు పేలితే గేట్లు ఊడిపోయి దిగువనున్న ఊరంతా కొట్టుకుపోతుంది.

డేగ అనే పేరు అతని చూపుని బట్టి వచ్చింది. కానీ వయసు మీదపడ్డాక డేగకీ చత్వారం తప్పలేదు. కిందటేడు రైల్లో కోడ్ మెసేజ్‌ని చెయ్యి బారచాపి చదువుతుంటే, వెనక సీట్లో ఉన్న శత్రువు కూడా తీరిగ్గా చదివేశాడు. ఆఫీసులో అతని పరువు గంగలో కలిసింది. అప్పుడే డిపార్ట్‌మెంట్ కళ్ల డాక్టర్ అతన్ని ఒప్పించింది.

"లేజర్ చేసేస్తా. కుడి కన్ను దూరానికి, ఎడమ కన్ను దగ్గరికి. కళ్లజోడు పీడ విరగడైపోతుంది."

"తేడా ఏం రాదుగా?"

"చేసేది నేనైతే తేడా ఎందుకొస్తుంది? నన్ను నమ్మవా?"

నమ్మాడు. ఆ నవ్వు చూసి నమ్మనివాడు ఆఫీసులో ఒక్కడూ లేడు. పైగా అప్పటికే వాళ్లిద్దరికీ పెళ్లి కుదిరింది, ముహూర్తం ఈ వచ్చే నెలే.

ఆపరేషన్ అయ్యాక అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. కానీ రెండు కళ్లూ కలిసి కొలవాల్సిన లోతు అందకుండా పోయింది. కప్పులో పోయబోయిన టీ బల్ల మీద పోశాడు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని చీఫ్‌కి కూడా చెప్పలేదు. ఆమెకి మాత్రం చెప్పాడు. "అలవాటైపోతుందిలే," అంటూ ఆమె తన రుమాలుతో బల్ల తుడిచింది. ఆ రుమాలు ఇప్పటికీ అతని జేబులోనే ఉంది.

కంట్రోల్ రూమ్‌లో పెట్టె మూత తీశాడు. గబ్బిలాల బాంబులు అతనికి కొట్టినపిండి. వెనకున్న తీగ కోస్తే బాంబు చస్తుంది, ముందున్నది తెగితే మనం చస్తాం. ఎప్పుడూ ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఈసారి రెండూ నలుపే. అతని కంటికి రెండూ ఒకే గోడకి అతికించినట్టు కనిపించాయి. ఎవరో తన కొలతలు తీసుకుని కుట్టిన చొక్కాలా ఉంది ఆ బాంబు.

చెవిలో వైర్‌లెస్ గరగరలాడింది. చీఫ్‌ది కాదు, డాక్టర్ గొంతు.

"తెరిచావా?"

"తెరిచాను."

"కంగారుపడకు. ఎడమదే వెనకుంది. కోసెయ్."

డేగ చెయ్యి ఆగిపోయింది. పెట్టెలో ఏముందో తనింకా ఎవరికీ చెప్పలేదు. ఆమెకెలా తెలిసింది? చీఫ్ చెప్పి ఉంటాడేమో! చీఫ్ మాత్రం ఎక్కడ చూశాడు? అయినా మనసు ఒప్పుకోలేదు. ఆమె చెప్పింది నిజమైతే బాగుండునని, చావు ఎదురుగా పెట్టుకుని కూడా కోరుకున్నాడు.

టైమర్ అంకెలు కరిగిపోతున్నాయి. అతను కుడి కన్ను మూసి, తల అటూ ఇటూ ఊపాడు. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్టు పరిగెడుతుంది, దూరపు కొండ నింపాదిగా కదులుతుంది. దానికి ఒక కన్ను చాలు.

ఎడమ తీగ పరిగెత్తింది.

అంటే అదే ముందుంది. ఆమె అబద్ధం చెప్పింది. ఆపరేషన్, పెళ్లి, రుమాలు, అన్నీ ఈ పెట్టె కోసమే. కళ్లు చెమర్చేలోపే కుడి తీగ కోసేశాడు. చివరి అంకె దగ్గర టైమర్ ఆగిపోయింది.

"కోశావా?" అడిగింది ఆమె.

"కోశాను. కుడిది."

అవతల లైన్ తెగిపోయింది.

ముసలమ్మ వేషంలో విమానమెక్కబోతుండగా ఆమెను పట్టుకున్నారు. ఆఫీసులో చీఫ్ స్వయంగా డేగకి టీ పోసి, "మంచి డాక్టర్‌ని చూసి మళ్లీ ఆపరేషన్ చేయిద్దాం," అన్నాడు.

డేగ తడి రుమాలుని చెత్తబుట్టలో వేశాడు. సొరుగులోంచి పాత కళ్లజోడు తీశాడు.

"వద్దు సార్. ఇదైతే రోజంతా నా ముక్కు మీదే ఉంటుంది. నా వెనకాల ఎవరితో మాట్లాడుతోందోనన్న భయం ఉండదు."