గుండెదడకు పేరు

"నన్ను పంపించెయ్," అన్నాడతను.

గడ్డం కింద రేజర్ ఆగింది. ఆమె నురగ తుడిచి, మళ్లీ గీయసాగింది. భర్తకు గడ్డం గీయడం ఆమెకు రోజూ పొద్దుటి పని. కాలేజీ మెట్ల మీద జారి మెడ విరిగాక, మెడ కిందున్న ఒళ్లంతా అతనికి పరాయిదైపోయింది. ఇక బాగుపడదని డాక్టర్లు తేల్చేశారు. మిగిలింది ముఖం ఒక్కటే.

"ఎక్కడికండీ? హనీమూన్‌కా?"

"కేర్ సెంటర్‌కి. అక్కకు చెప్పాను. కాసేపట్లో బండి తెస్తుంది."

రేజర్ పక్కకు జారింది. అతని దవడ మీద సన్నటి ఎర్రగీత పడింది.

"ఎందుకు?"

"నాకేమీ అనిపించడం లేదు. నీ మీద కూడా."

ఏళ్ల తరబడి సైకాలజీ చెప్పిన మనిషి. వంటింట్లోనూ పాఠమే. ముందు ఒళ్లు కదులుతుంది, గుండె దడదడలాడుతుంది, ఆ తర్వాతే మనసు దానికి భయమనో ప్రేమనో పేరు పెడుతుంది అనేవాడు. "అయితే ఉల్లిపాయలు తరిగినప్పుడల్లా మీ మీద బెంగ పెట్టుకున్నట్టేనా?" అని ఆమె నవ్వేది.

ఇప్పుడా పాఠమే వాళ్లింటి మీద పడింది.

"నిన్న కుట్టుమిషన్ దగ్గర ఏడ్చావు. చూశాను. బాధపడాలని తెలుసు. తెలుసంతే. నా గుండె కొట్టుకుంటోందో లేదో కూడా నాకు తెలీదు. దడే లేనప్పుడు దేనికి పేరు పెట్టను?"

"నటించొచ్చుగా!"

"నీ ముందా? కుట్టు కాస్త వంకరపోతేనే పట్టేస్తావు."

తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. "ఏమ్మా, వాడి బట్టలు సర్దావా?"

"సర్దను. ఆయన్ని పంపను వదినా!"

"అద్దంలో మొహం చూసుకుని ఎన్నాళ్లైంది నువ్వు?"

"ఎత్తాను, తుడిచాను, రాత్రిళ్లు లేచి పక్కకి తిప్పాను. ఒక్కనాడు విసుక్కున్నానా?"

"విసుక్కోలేదు. అదే నా భయం," అని ఆడపడుచు కళ్లొత్తుకుంటూ బయటికెళ్లింది.

ఆమె మంచమెక్కి కూర్చుంది. భర్త తలను రెండు చేతులతో ఎత్తి, చెవిని తన గుండెకు ఆనించుకుంది.

"మీది తెలీకపోతే నాది వినండి. దడ నాది, పేరు మీరు పెట్టండి. మీ పాఠమేగా!"

ప్రేమ అంటాడని ఆమె ఆశ. ఆ ఒక్క మాట చాలు, బండిని వెనక్కి పంపేస్తుంది.

అతను కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"అలసట," అన్నాడు.

కాదనబోయింది. ఇన్నాళ్లూ దాన్ని ప్రేమంది, బాధ్యతంది, ఒక్కోసారి దేవుడి మీద కోపమంది. తన ఒళ్లే తనకు తెలియని మనిషి, ఆమె ఒంట్లో ఉన్నదేమిటో చెప్పేశాడు. ఆమెకు అప్పుడు తెలిసింది, తాను అలిసిపోయానని. అది తప్పు కాదని కూడా. భర్త నుదుటి మీదకు వంగి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో అనరా?"

"అనను. ఏడువు. నుదుటి మీద తెలుస్తోంది."

ఆమె చటుక్కున తలెత్తింది. "ఏమిటి? ఏం తెలుస్తోంది?"

అతను ఎంతో ప్రయత్నించాడు. నిజాయితీగా వెతికాడు.

"తడి," అన్నాడు.

ఆమె కొంగుతో అతని నుదురు తుడిచింది. మంచం దిగి, అతని చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టింది.