చెక్కనేల మీద మూడు దెబ్బలు

“సార్, ఆ కాళ్లకు కాస్త విశ్రాంతి ఇస్తారా?”

గుమ్మంలో తెల్ల చేతికర్రతో నిలబడి బ్రెయిలీ టీచర్ నిప్పులు కక్కుతోంది. కొత్తగా చేరిన సైగల మాస్టారు నాలుక కరుచుకున్నాడు. వినబడని పిల్లలను పిలవాలంటే చెక్కనేలను కాలితో కొట్టాలి. అదురు అరికాళ్లకు తగిలి వాళ్లు తలెత్తుతారు. పక్క గదిలో ఆమె దగ్గర చదివే చూపులేని పిల్లలకు మాత్రం అది పిడుగు పడ్డట్టే.

“మరెలా పిలవమంటారు మేడమ్? ఉత్తరం రాయనా?”

“మెల్లగా కొట్టండి. అవి కాళ్లా, ఏనుగు పాదాలా?”

అప్పటినుంచి అతను స్కూలంతటికీ ఏనుగు మాస్టారు. రోజూ ఇద్దరూ కలిసి టీ తాగేవారు, రోజూ పోట్లాడుకునేవారు. ఆమె తిట్ల కోసమే అతను కావాలని గట్టిగా కొడుతున్నాడని పిల్లలకు కూడా తెలిసిపోయింది.

ఒక సాయంత్రం రేకుల మీద వాన దంచికొడుతోంది.

“వాన పడుతోందా?” అని అడిగింది ఆమె.

అంత హోరు ఆమెకు సరిగా వినబడలేదని అతనికి అర్థమైంది.

“డాక్టర్ ముందే చెప్పాడు. పుట్టుకతో కళ్లు పోయాయి, ఇప్పుడు చెవులు,” అందామె.

“పెళ్లి చేసుకుందాం.”

“జాలా?”

“నా మొహం! జాలిపడేవాడు రోజూ తిట్లు తింటాడా?”

ఆమె నవ్వలేదు. “రేపు మీకు బరువైపోతాను. వద్దు.”

అయినా అతను పట్టు వదల్లేదు. ఆమె అరచేతులను తన చేతుల మీద పెట్టించుకుని సైగలన్నీ నేర్పాడు.

చలికాలంలో ఒక తెల్లవారుజామున మిగిలిన ఆ కాస్త వినికిడీ పోయింది. ఆమె హాస్టల్ గదిలో తలుపేసుకుంది. నాలుగో రోజు అన్నయ్య వచ్చి, పెట్టె సర్ది, చివరిసారిగా క్లాసులో కూర్చోబెట్టాడు.

“ఎవరు ముట్టుకున్నా వణికిపోతోంది బాబూ. ఎవరిదో ఏమో అని చెయ్యి లాగేసుకుంటోంది. ఇంటికి తీసుకుపోతాను,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆమె చెప్పులు విప్పేసి, తల వంచుకుని కూర్చుంది. మాస్టారు దగ్గరకు వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడి మూడుసార్లు నేల అదిరేలా కొట్టాడు.

ఆమె తలెత్తింది. “మెల్లగా కొట్టమన్నానా!” గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. రెండు చేతులూ చాచింది.

అతను వాటిని తన చేతుల మీద ఉంచుకుని నెమ్మదిగా సైగ చేశాడు. ఏనుగుకు మీరొక బరువా?

ఆమె నవ్వుతూ భోరున ఏడ్చేసింది. తన ఏడుపు తనకే వినబడలేదు. చాలాసేపటికి గాని అతని చేతులు వదల్లేదు.

“అన్నయ్యా,” అంది తలుపు వైపు తిరిగి, “పెట్టె మళ్లీ గదిలో పెట్టెయ్.”