ఎంగిలి డంప్లింగు

మాధవీలత, రోహన్ ఆ సాయంత్రం మొట్టమొదటిసారి కలుసుకున్నారు. టేబుల్ చుట్టూ కూర్చున్న నలుగురు పెద్దవాళ్లూ అలాగే నమ్మారు. వాళ్లని నమ్మించడానికి వీళ్లిద్దరూ పడుతున్న పాట్లు చూస్తే పగవాడికైనా జాలేస్తుంది.

"మీ పేరు?" అన్నాడు రోహన్, బుద్ధిమంతుడిలా తల వంచుకుని.

"మాధవీలత. బయోడేటాలో ఉంది కదండీ."

"చూశానండీ. కన్ఫర్మ్ చేసుకుంటున్నాను."

"అచ్ఛా. బ్యాంకు వాళ్లు కదా, కేవైసీ అలవాటు."

టేబుల్ కింద ఆమె చెప్పు మడమ అతని బూటు మీద మెల్లగా దిగింది. నవ్వావంటే చంపేస్తానని అర్థం. రోహన్ నవ్వు మింగి దగ్గాడు. వాళ్లమ్మ శారద మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

నిజం చెప్పాలంటే వీళ్ల పరిచయం నిరుటి చలికాలం నాటిది. మాధవి బిలాస్‌పూర్ పక్కన బోద్రీలో ఉన్న హైకోర్టుకి వెళ్లే జూనియర్ లాయరు. రోహన్ తన బ్యాంకు కేసుల ఫైళ్లు మోసుకుని అక్కడికే వచ్చేవాడు. ఒకరోజు అతను బైకు అడ్డంగా పెట్టి లోపలికి పోతే, ఆమె స్కూటీ బయటికి రాలేదు. తిరిగొచ్చాక హిందీలో కడిగిపారేసింది. "కొంచెం మెల్లగా తిట్టండి, సగం అర్థం కావట్లేదు" అన్నాడతను తెలుగులో. తెలుగువాడని తెలిశాక మాధవి మళ్లీ మొదటినుంచి తెలుగులో తిట్టింది. ఆ మర్యాదకి మురిసిపోయి అతను కోర్టు గేటు దగ్గర మోమోలు కొనిపెట్టాడు.

రోహన్‌కి వేడి పడదు. పొగలు కక్కే మోమో నోట్లో వేసుకుని బండి చుట్టూ గంతులేశాడు. అది చూడలేక మాధవి రెండోది సగం కొరికి, ఊది, "ఇప్పుడు తినొచ్చు" అని ఇచ్చింది. అతను తిన్నాడు. ఆ తర్వాత ఎండలొచ్చాయి, వానలొచ్చాయి, ప్లేటు మాత్రం ఒకటే ఉండిపోయింది.

చిక్కల్లా మాధవి నాన్న బంగార్రాజుతో. ఆయన మెయిల్ బళ్లు నడిపే లోకో పైలట్. సర్వీసు మొత్తంలో ఒక్క ఎర్ర సిగ్నలూ దాటని మనిషి. ప్రేమ పెళ్లంటే ఆయన దృష్టిలో సిగ్నల్ పడకుండా బండి కదిలించడమే. "నీకు నచ్చేదాకా ఎంతమందినైనా సూపిత్తాను. అంతేగానీ నువ్వు సూసుకుని నాకు సూపించకు" అని కూతురికి కాలేజీ రోజుల్లోనే చెప్పేశాడు.

అందుకని మాధవి ఒక ఏర్పాటు చేసింది. రైల్వే కాలనీలో సంబంధాలు కుదిర్చే రమణమూర్తి చేతికి రోహన్ బయోడేటా ఎలాగో చేరేట్టు చూసింది. ఆ పెద్దమనిషి అది తన ప్రజ్ఞే అనుకుని ఊరేగించాడు. జాతకాలు కలిశాయి. ఇక మిగిలింది ఈ ఒక్క పూట కొత్తవాళ్లలా కూర్చోవడం. ఈ నాటకం బయటపడితే బంగార్రాజు లేచి వెళ్లిపోతాడు, రోహన్ పేరు ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తరు. నాన్నని కాదని పెళ్లి చేసుకోవడం మాధవి వల్ల కాదు. రోహన్ లేకుండా ఉండటం కూడా ఆమె వల్ల కాదు.

చూపులకి చోటు ఎంచింది రోహన్ నాన్న సీతారామయ్య. ఊరి చివర మోప్కా వైపు కొత్తగా లేచిన హోటల్లో, పై అంతస్తులో, ముంబైలో పేరుమోసిన షాంఘై రెస్టారెంటు వాళ్లు బ్రాంచి తెరిచారు. ఎర్ర లాంతర్లు, నల్లరాతి నేల, చెవిలో చెప్పినట్టు మాట్లాడే వెయిటర్లు. బిలాస్‌పూర్‌లో అంత చిన్నగా మాట్లాడేవాళ్లు అంతకుముందు లేరు. బయట వాన ధారగా పడుతోంది.

సీతారామయ్య బొగ్గు కంపెనీలో జనరల్ మేనేజరు. ఒకప్పుడు యంత్రాలు చూసి రమ్మని కంపెనీ ఆయన్ని వారం రోజులు షాంఘై పంపింది. ఆ వారం ఆయనకి ఇప్పటికీ అయిపోలేదు.

"నేను షాంఘైలో ఉన్నప్పుడు బంగార్రాజుగారూ, పొద్దున్నే డంప్లింగ్స్, రాత్రికి నూడుల్స్."

"మీరు అక్కడ తిన్నది నేను కట్టిచ్చిన పులిహోరనే గదా" అంది శారద.

బంగార్రాజు మెనూ ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పాడు. "చిల్లీ చికెన్ నేదా బాబూ?"

"సర్, అది అసలైన చైనీస్ కాదు" అన్నాడు వెయిటరు హిందీలో, ఎవరో పోయినంత విచారంగా.

"మరి స్టేషన్ దగ్గర ఇన్నాళ్లూ మాకేటి అమ్మినట్టు?"

సీతారామయ్య కల్పించుకుని డ్రంకెన్ చికెన్ చెప్పాడు. సారాలో నానబెట్టిన కోడి అని వివరించాడు కూడా. బంగార్రాజు రెండు చేతులూ ఎత్తేశాడు. "నాకొద్దండి. పొద్దున్నే డ్యూటీ. బండెక్కే ముందు మెషీన్లో ఊదాల. తాగింది కోడండీ, నేను కాదండీ అంటే ఆళ్లు నమ్మరు."

రోహన్ ఈసారి నిజంగానే నవ్వేశాడు. బంగార్రాజు కూడా నవ్వి "బాబుగారు సరదా మనిషిలాగున్నారు" అన్నాడు. మాధవి గుండె కాస్త కుదుటపడింది. నాన్న చాప్‌స్టిక్‌లు పట్టుకుని వేయించిన చేపముక్కని చులాగ్గా ఎత్తడం చూసి ఆశ్చర్యపోయింది కూడా. ఆ పుల్లలు ఆమె చేతిలోనే నిలవడం లేదు.

అసలు గొడవ తిరిగే బల్లతో వచ్చింది. పళ్లాలన్నీ మధ్యలో పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్లు పుల్లలతో తీసుకోవాలని వెయిటరు చెప్పేసరికి, మాధవి అమ్మ మంగాయమ్మ పమిట బిగించి లేచి నిలబడింది.

"నోట్లో పెట్టుకున్న పుల్ల మళ్లీ కూరలో పెడతారేటి? అందరి ఎంగిలీ అందరూ తినాలా?"

"అక్కడి పద్ధతమ్మా అది" అన్నాడు సీతారామయ్య.

"అక్కడ కానివ్వండి అన్నయ్యగారూ. ఇక్కడ నేనున్నాను కదా. బాబూ, గరిటెలట్రా."

మంగాయమ్మ ఇంట్లో కన్నకూతురైనా కాఫీగ్లాసు ఎత్తిపోసుకునే తాగాలి. పళ్లేనికో గరిటె వచ్చేదాకా ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. తర్వాత తనే బల్ల తిప్పుతూ అందరికీ వడ్డించింది. అంత ఖరీదైన హోటల్లో పెళ్లిభోజనం వాతావరణం వచ్చేసింది.

అప్పుడు వెదురు బుట్టలో సూప్ డంప్లింగులు వచ్చాయి. లోపల మరిగే రసం ఉంటుందనీ, చెంచాలో పెట్టుకుని చిన్న కన్నం కొరికి ముందు రసం పీల్చాలనీ వెయిటరు చెప్పాడు. షాంఘై చూసొచ్చినవాడికి పాఠాలేమిటన్నట్టు సీతారామయ్య ఒకటి తీసి ఒక్కసారిగా కొరికాడు. రసం చిమ్మి ఆయన టై మీదుగా కిందికి జారింది.

శారద నాప్‌కిన్ అందుకుంది. బంగార్రాజు మంచినీళ్లందుకున్నాడు. ఆ హడావిడిలో రోహన్ తన చెంచా నోటిదాకా తీసుకెళ్లాడు.

"ఆగు, నాలిక కాలుతుంది" అంది మాధవి.

అతని చేతిలోంచి చెంచా తీసుకుంది. డంప్లింగు సగం కొరికింది. రసం పీల్చింది. మిగతా సగాన్ని ఊదింది. "ఇప్పుడు తిను" అని చెంచా తిరిగిచ్చింది. రోహన్ తినేశాడు.

ఇద్దరూ తలెత్తి చూసేసరికి అందరి కళ్లూ వాళ్ల మీదే ఉన్నాయి. శారద చేతిలో నాప్‌కిన్ గాల్లోనే ఉంది.

"ఏటే అది" అంది మంగాయమ్మ.

రోహన్ తేరుకున్నాడు. తేరుకోకపోయినా బాగుండేది. "ఆంటీ, ఇది షాంఘై పద్ధతండీ. అమ్మాయి రుచి చూసి అబ్బాయికిస్తుంది. కదా నాన్నా?"

సీతారామయ్య టై తుడుచుకోవడం ఆపాడు. కొడుకు పెళ్లి ఒకవైపు, షాంఘై పరువు ఒకవైపు. "నేను వారం రోజులున్నాన్రా. ఎక్కడా చూళ్లేదు" అన్నాడు.

బంగార్రాజు కూతురి వైపు మాత్రమే చూశాడు. "ఎన్నాళ్ల నుంచి?"

కోర్టులో గుక్కతిప్పుకోకుండా వాదించే పిల్ల వాదన లేకుండానే ఒప్పేసుకుంది. "చలికాలం నుంచి నాన్నా. రమణమూర్తిగారికేం తెలీదు. ఆ బయోడేటా నేనే అందేలా చేశాను."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మాధవి వెనకే వెళ్లింది. అద్దం మీద వాన జారుతోంది.

"వారం నుంచి డ్యూటీ దిగొచ్చి ఈ పుల్లల్తో సెనగ్గింజలు ఎత్తడం నేర్సుకున్నాను" అన్నాడు బంగార్రాజు, ఆమె వైపు తిరక్కుండానే. "నీ అత్తోరి ముందు నీ పరువు పోకూడదని. నువ్వేమో నాకు నాటకం ఆడి సూపించినావు."

మాధవికి కళ్లనీళ్లు తిరిగాయి. "చెప్తే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవోణ్ని కాదు."

"మరి?"

"అయితే తప్పు నాదేనేటి?"

"సగం నీది, సగం నాది." ఆమె ముక్కు తుడుచుకుంది. "నువ్వు కాదంటే నిన్ను దాటి వెళ్లను నాన్నా. కానీ అతనంటే నాకు చాలా ఇష్టం. ఇంకెవర్ని చూపించినా వద్దనే అంటాను. నువ్వు చూపిస్తూనే ఉండాలి, నేను వద్దంటూనే ఉండాలి."

వెనకనుంచి మంగాయమ్మ గొంతు వినిపించింది.

"ఏవండీ, కోపం తరవాత పడుదురుగాని, ముందిది తేల్చండి. ఈ అబ్బాయి మన పిల్ల ఎంగిలి తిన్నాడు. అలవాటైనోడిలాగ తిన్నాడు. చలికాలం నుంచి ఒక పిల్ల ఎంగిలి తిన్నోడికి ఇంకో పిల్లని ఎవలిస్తారు? ఇంక చూపులేటి, ముహూర్తం చూడ్డమే."

"నిజమే వదినా" అంది శారద. ఆమె గొంతులో కోపమో దుఃఖమో తెలియలేదు. "కన్నతల్లిని. వీడు చిన్నప్పటి సంది నా పళ్లెంల నుంచి ఒక్క మెతుకు ముట్టలేదు. జ్వరమొచ్చినా వేరే గిన్నె, వేరే చెంచా. ఇప్పుడు మీ పిల్ల కొరికిస్తే ఎట్ల తిన్నడో చూసినరా?"

బంగార్రాజు తిరిగి వచ్చి రోహన్ ఎదురుగా నిలబడ్డాడు. "బాబుగారు" పోయింది, "మీరు" కూడా పోయింది.

"ఏమయ్యా, అసయ్యం నేదా నీకు?"

రోహన్ లేచాడు. ఈసారి జోకు వెయ్యలేదు. "లేదంకుల్. ఆ సంగతే నాకెప్పుడూ గుర్తు రాలేదు. మాధవి అంటే ప్రేమ నాకు. ముందే మీ క్వార్టర్‌కి వచ్చి మిమ్మల్ని అడగాల్సింది. భయమేసి రాలేదు."

"నేనంటే భయమా?"

"మీరు కాదంటే ఏం చెయ్యాలో తెలీక భయం."

బంగార్రాజు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత కూతురి ముఖంలోకి చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సీతారామయ్యగారూ, మీకేటైనా అభ్యంతరమా?"

"నాకా? టై పోయింది గానీ, మిగతాదంతా బాగానే ఉంది బావగారూ."

"బావగారూ" అన్న మాటకి మంగాయమ్మ కళ్లొత్తుకుంది. మాధవి రోహన్ వైపు చూస్తే, అతను ఆమె వైపు చూసి ఏమీ అనలేక అలాగే నిలబడ్డాడు. చలికాలం నుంచి నోరు మూతపడని మనిషి, మొదటిసారి మాట పడిపోయి నిజంగా కొత్త పెళ్లికొడుకులా కనిపించాడు. ఆమెకి అతని మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

బంగార్రాజు బల్ల తిప్పాడు. వెదురు బుట్ట వచ్చి రోహన్ ముందు ఆగింది.

"కూకోవయ్యా, తిను. సొంతంగా కొరుక్కుని తిను" అన్నాడు. "పెళ్లయ్యేదాకా ఎవుల పళ్లెం ఆలదే."