తుడిచేసిన గ్రీజు

కరుణాకర్ గారంటే కీర్తనకు ఒళ్లుమంట. కీర్తన వాళ్ల నాన్న మధుబాబు తెనాలిలో సొంత కారు బాడుగకు తిప్పుతాడు. ఒకసారి బాడుగకు పిలిచి, కారెక్కబోతూ కరుణాకర్ గారు, "ఏంటి మధూ, చక్రాల వెనక అంతా జిడ్డే! దీంట్లో వెళ్తే మా పరువేం కాను?" అన్నాడు. వీధి వీధంతా విని నవ్వింది.

అప్పట్నించీ ఆదివారం కారు కడిగేటప్పుడు కీర్తన చక్రాల వెనక్కి కూడా చెయ్యి పెట్టి తుడిచేది. ముందు చక్రం దగ్గర ఓ రబ్బరు తొడుగు చిరిగి, నల్లటి గ్రీజు బయటికొస్తుండేది. అదీ తుడిచేసేది. నాన్నకు చెప్పలేదు. చెప్తే బండి షెడ్డుకెళ్తుంది, మళ్లీ అందరూ నవ్వుతారు.

ఈ ఉదయం కరుణాకర్ గారి కుటుంబాన్ని రేపల్లెలో పెళ్లికి తీసుకెళ్లాలి. ముందుగా డీజిల్ కొట్టించడానికి నాన్న, కీర్తన బయల్దేరారు. అంగలకుదురు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే కింద 'టక్' మంది.

మధుబాబు బండి ఆపి జాకీతో పైకెత్తాడు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదిలే పన్నులా ఊగింది.

"బాల్ జాయింట్ పోయింది. గ్రీజు కారిన జాడ ఒక్కరోజూ కనపడలేదేంటి?"

"నేనే తుడిచేశా నాన్నా. రబ్బరు చిరిగిందనీ తెలుసు."

మధుబాబు కూతురి భుజం పట్టుకుని చెయ్యి గుండ్రంగా తిప్పాడు.

"చూశావా? లోపల గిన్నెలో గుండు కూర్చున్నట్టు ఉంటుంది. చక్రం దగ్గర బాల్ జాయింటూ అంతే. గ్రీజుంటే హాయిగా తిరుగుతుంది. రబ్బరు చిరిగితే బురద, నీళ్లు దూరి గుండు అరిగిపోతుంది."

"అరిగితే?"

"ఊడొస్తుంది. చక్రం పక్కకి పడిపోతుంది. రేపల్లె రోడ్డు పక్కన కాలవ చూశావుగా."

ఇంతలో నాన్న ఫోన్ మోగింది. కరుణాకర్ గారే.

"పంచరైందని చెప్తాలే," అన్నాడు నాన్న.

కీర్తన ఫోన్ అందుకుంది.

"నేను కీర్తననండి. బండి రాదండి. చక్రం దగ్గర పాడైంది. నాకు ముందే తెలిసినా నాన్నకు చెప్పలేదండి. తప్పు నాదేనండి."

"ఇప్పుడా చెప్పేది? వేరే బండి చూసుకుంటాంలే!"

రేపల్లె బేరం పోయింది. రెండు వేల ఎనిమిది వందల బాడుగ.