ఎడమ తొడ మీద బాణం

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ ఆటపట్టిస్తారు. బట్టలు కుట్టేదాన్ని. ఎవరు కొలతలు చెప్పినా మళ్ళీ టేపు పెట్టి చూసుకుంటాను. అమ్మ పోయాక నన్ను కళ్ళలో పెట్టుకుని పెంచిన అక్క స్నానాల గదిలో జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంటే, ఆసుపత్రిలో మాత్రం ఊరుకుంటానా?

పొద్దున ఎనిమిదింటికి కుర్ర సర్జన్ వచ్చి, ఏ కాలో అక్కనే అడిగి, కుడి తొడ మీద నల్ల సిరాతో బాణం గీశాడు. "ఒక కాలికి బదులు ఇంకో కాలికి చేసెయ్యకుండా ఈ గుర్తమ్మా," అన్నాడు. ఎక్స్‌రే కూడా చూపించాడు. కుడి ఎముక విరిగి పక్కకు జరిగింది, ఎడమది గట్టిగా ఉంది. ఆపరేషన్ రెండింటికి. ఆ పద్ధతి నాకు నచ్చింది. నేనూ సుద్దతో గీశాకే కత్తెర పడతాను.

పదకొండింటికి కిందికెళ్ళి మందులు తెచ్చేసరికి గదిలో కమురు వాసన. ఇస్త్రీపెట్టె కింద కొమ్ము బొత్తాం కాలితే వస్తుందే, అలాంటిది. అక్క దుప్పటి సర్దబోతే కనిపించింది. కుడి తొడ మీద ఏమీ లేదు. బాణం ఎడమ తొడ మీద ఉంది.

"ఎవరొచ్చారక్కా?"

"పెద్ద డాక్టరు. ముసలాయన," అంది అక్క మెల్లగా. "ఏ కాలని అడగనేలేదే."

నర్సును లాక్కొచ్చాను. "ఇక్కడ ఉన్నది ఒక్క సర్జనే అండీ. ఆయన థియేటర్లో ఉన్నారు," అంటూ స్పిరిట్‌తో బాణం తుడిచింది. నేనే గీశానన్నట్టు ఓ చూపు చూసింది. నాకేమో ఆవిడ మీదే అనుమానం.

కుర్చీ మంచానికి ఆనించి, అక్క ఎడమ కాలి మీద దుప్పటిపై చెయ్యి వేసి కూర్చున్నాను. తలుపు వేసే ఉంది. పట్టపగలు. వరండాలో ట్రాలీ చక్రాల కిరకిర.

వాసన మళ్ళీ వచ్చింది.

నా అరచేతి కింద ఏదో కదిలింది. సన్నగా... చల్లగా... గీసుకుంటూ పైకి పోయింది.

"కాలు కదిపావా అక్కా?"

"మాట్లాడకు," గుసగుసగా అంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. "కదలొద్దన్నాడు."

దుప్పటి లాగేశాను. ఎడమ తొడ మీద బాణం. సిరా ఇంకా తడిగా ఉంది.

నేను అరిచిన అరుపుకి వార్డంతా వచ్చింది. సర్జన్ వచ్చి, ఎక్స్‌రే మళ్ళీ చూసి, ఎడమ గుర్తు చెరిపి, కుడి తొడ మీద కొత్తది గీసేదాకా అక్కను వదల్లేదు. స్ట్రెచర్ పట్టుకుని థియేటర్ గుమ్మం దాకా నడిచాను.

నాలుగింటికి సర్జన్ బయటికొచ్చాడు. "కుడి కాలికే చేశానమ్మా. ఎముక బాగా కుదిరింది." ఏడుపు ఆగలేదు నాకు. అక్క నడుస్తుంది!

ఐదింటికి మళ్ళీ పిలిపించాడు. తెర మీద కొత్త ఎక్స్‌రే. కుడి తుంటిలో ఆయన బిగించిన ప్లేటు, నాలుగు స్క్రూలు. ఎడమ తుంటిలో ఇంకో ప్లేటు. దానికి స్క్రూలు లేవు. నాలుగు రంధ్రాలూ ఖాళీగా ఉన్నాయి.

"ఈ కాలికి ఎప్పుడు చేయించారు?" ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "పొద్దున ఇది లేదు..."

పరిగెత్తాను. అక్కకు మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. ఎడమ తొడంతా తడిమాను. కోత లేదు. కుట్టు లేదు. కుట్టు ఎక్కడున్నా నా వేళ్ళకు తెలుస్తుంది.

వేళ్ళ కింద, చర్మం లోపల, ఏదో తిరిగింది. మెల్లగా... ఒక చుట్టు. ఆగింది. మళ్ళీ ఒక చుట్టు.

"మూడోది," అంది అక్క కళ్ళు తెరవకుండానే. "ఇంకొక్కటే ఉందట."