పెట్టె అడుగున అంకెలు

ముప్పై ఒకటో అంతస్తులో వరహాలరావు మూడో గది వస్తువులతో మాట్లాడే తరంగదీపాన్ని గోడ నుంచి విప్పి, తీగ కొసను గుడ్డతో తుడిచాడు. సముద్రపు గాలికి రాగి పచ్చబడుతుంది. ఈ మేడలో సగం ఇళ్ల రోగం అదే. ఇక్కడ మాత్రం కొస తోమిన బిందెలా మెరుస్తోంది. అతనికి ఒళ్లు మండింది.

మిగతా ఐదు గదులూ చూశాడు. ప్రతి దీపమూ పక్కగది దీపాన్ని తీగ మీదే పలకరిస్తోంది, తీగ మీదే జవాబు అందుకుంటోంది. గాల్లోకి ఒక్క మాట కూడా జారిపోవడం లేదు. తలుపు, పొయ్యి, మందుల అర అన్నీ అడిగిన మరుక్షణం పలుకుతున్నాయి.

"అయిందా మాస్టారూ?" గుమ్మం దగ్గర నుంచి భాగ్యరథి అడిగింది.

"కంగారెందుకు? చూడనీ."

రెండేళ్ల కిందట పరీక్ష రాసి ఎంపికదారుగా చేరిన మనిషి ఆమె. నలభై ఇళ్లకు కూడళ్లు, అంటే తీగలు పంచే పెట్టెలు, ఎంచింది. చెడిందని ఒక్క ఇల్లూ తిరిగి పిలవలేదు. ఇది నలభై ఒకటోది. ఇవాళ తనిఖీకి వచ్చిన ఇతను సమ్మతి రాస్తే ప్రధాన ఎంపికదారు కుర్చీ ఆమెది. ఆ కుర్చీ కోసం వరహాలరావు మూడుసార్లు అర్జీ పెట్టాడు. మూడుసార్లూ కేంద్రాన్ని నడిపే యంత్రం, ఒరవడి, 'తిరుగుపిలుపులు అధికం' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. యంత్రంతో ఎవరు వాదిస్తారు? కేంద్రంలో ఎవరైనా ఆమె తిరుగుపిలుపుల సున్నాలను పొగిడితే చాలు, టీ చల్లారిందని గ్లాసు పట్టుకుని లేచిపోయేవాడు. కుళ్లు అని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

మేడ మొత్తానికి మాటలు అందించే తల్లిపెట్టె నుంచి ఇంటికి వచ్చేది ఒకే తీగ. గదులు ఆరు. మధ్యన పంచిపెట్టడానికి ఒక కూడలి కావాలి. తొమ్మిదేళ్ల కిందట ఒరవడి జాబితా ఇచ్చింది, ఇకమీదట ఎరుక కూడళ్లే వాడాలని. వాటికి తెలివి ఎక్కువ. దీపాల పలకరింపు వాటికి అర్థంకాక, ఏదో దొంగమాట అనుకుని మింగేస్తాయి. జవాబు రాని దీపాలు తీగ తెగిందనుకుని గాల్లోనూ అరవడం మొదలెడతాయి. ఒకే మాట గాల్లోనూ తీగలోనూ గిరగిరా తిరిగి సుడి పడుతుంది, ఇల్లు మూగబోతుంది. వరహాలరావు ఇళ్లలో నెలకు రెండిళ్లయినా ఇలా మూగబోతాయి. మరి అదే ఎరుక కూడలి ఈమె చేతిలో మాత్రం బుద్ధిగా ఎలా ఉంటోంది?

గోడ అర తెరిచాడు. తెల్లటి ఎరుక కూడలి, ఎనిమిది రంధ్రాల్లో ఎనిమిది తీగలు. చూడముచ్చటగా ఉంది. కానీ రంధ్రాల పక్కన మిణుకుతున్న చిన్నదీపం ఒక్కటే. అతను రెండో తీగను లాగాడు. జానెడు తీగ, అవతల కొస ఎక్కడికీ పోకుండా, చేతిలోకి వచ్చేసింది.

ప్రాణం లేచొచ్చింది. రాసింది ఒకటీ పెట్టింది ఒకటీ అయితే ఎంపికదారు పట్టా రద్దు. ఇంతకాలం తనను తినేసిన సున్నాలన్నీ ఉత్త నాటకం. భాగ్యరథి మొహం పాలిపోయింది, అది కూడా అతనికి బాగానే ఉంది.

కింది అరలోకి చెయ్యి పెట్టాడు. బూడిదరంగు రేకు పెట్టె వెచ్చగా తగిలింది. తెలివీ గిలివీ లేని మూగ కూడలి, వచ్చింది వచ్చినట్టు దాటించేది. ఆరు గదులు, తెల్ల పెట్టెకో తీగ, చివరి రంధ్రంలో తల్లిపెట్టె తీగ. అందరూ తల్లి తీగను మొదటి రంధ్రంలో పెడతారు. చివర పెట్టే అలవాటు ఊళ్లో ఒక్కడికే ఉంది. పెట్టె తిప్పాడు. అడుగున మేకుతో గీసిన తెలుగు అంకెలు: ౪-౧౧-౮౨.

అవి అతని అంకెలు. పద్నాలుగేళ్ల నాటివి.

"నలభై ఇళ్లలోనూ ఇంతేనా?"

"ముప్పై ఎనిమిదిట్లో మీరు పెట్టినవే ఉన్నాయి. రెండిళ్లలో మీరే పీకీసేరు. అలాంటివే ఎతికి పెట్టేను." ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నానేటీ సెయ్యలేదు మాస్టారూ. మీరు పెట్టింది తియ్యలేదు, అంతే."

జాబితా వచ్చిన ఏడు ఇలాంటివి ఎన్నో తన చేత్తోనే పీకి పారేశాడు. రెండేళ్లుగా తాను ఓర్వలేకపోయింది తన పనినే. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"నాతో ఒక్కముక్క చెప్పొచ్చు కదా?"

"ఎప్పుడు సెప్పమంటారు? నన్ను సూత్తేనే టీ సల్లారిపోతాది మీకు."

అతను ఒరవడికి రాసి పంపే పలక తీశాడు. సమ్మతి రాస్తే తన పెట్టెల మీద ఎక్కి ఆమె కుర్చీలో కూర్చుంటుంది. అసమ్మతి రాస్తే ఆమె పట్టా పోతుంది, రేపటికల్లా నలభై ఒక్క ఇళ్లలోనూ మూగ పెట్టెలు పీకేస్తారు. రెండూ మింగుడుపడలేదు. అట్టడుగున ఎవరూ తాకని గడి ఒకటుంది, 'ఎంపికదారు సవరణ'. అందులో నలభై ఒక్క ఇళ్లకూ కలిపి రాశాడు: కూడలి, జాబితాలో లేనిది. ఎంచినది, వరహాలరావు. ఉంచమన్నది, వరహాలరావు.

చివరిది అబద్ధం.

"తప్పు మీ మీదకొత్తాది మాస్టారూ."

"తప్పొక్కటే ఎందుకొస్తుంది? ఆ సున్నాలూ వస్తాయి. నిన్ను కాపాడదామని రాశాననుకునేవు. అవి నావి. ఇంకొకరి పేరున ఉంటే చూడలేను."

"తెలుసు," అంది భాగ్యరథి.

పలక మీద రాసింది ఒరవడికి చేరింది. ఎరుక కూడళ్లు బాగున్నాయనడానికి రెండేళ్లుగా ఒరవడి చూపిస్తున్న రుజువులు ఈ ఇళ్లే. అవి కాస్తా జారిపోయాయి. 'ఆధారం లేదు' అని వచ్చింది. తర్వాత 'జాబితా నిలుపుదల'. ఆ తర్వాత, తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఒక ప్రశ్న: 'ఏ కూడలి పెట్టాలి?' భాగ్యరథి పలకా మోగింది. బయట నడవాలో పనిచేస్తున్నవాళ్ల పలకలూ ఒకదాని వెంట ఒకటి మోగాయి. ఊరంతటినీ అదే అడుగుతోంది.

వరహాలరావు రేకు పెట్టెను అరలో జాగ్రత్తగా సర్దాడు. భాగ్యరథి సంచిలోంచి మేకు తీసి పట్టుకుంది.

"ఆ అంకెలు రాయడం నాకూ నేర్పుతారా?"

"నేర్పుతాను," అన్నాడు అర తలుపు మూసేస్తూ. "ఈ పెట్టె మీద కాదు. నువ్వు పెట్టినదాని మీద రాసుకో."